గోడవైపు తిరిగి నిలబడే మనిషి

"మీ మనిషి ఫోన్ ఎత్తుతలేడు. స్విచాఫ్ అని వస్తాంది. జర మీరన్న చెప్పుండ్రి."

వర్ధన్నపేట రైస్‌మిల్లు యజమాని పొద్దున్నే చేసిన ఫోన్ ఇది. మిల్లులో ఇంటర్నెట్ కంపెనీని మార్చుకున్నారట. కొత్తవాళ్లు వచ్చి తమ పెట్టె బిగించి వెళ్లిపోయారట. అప్పటి నుంచి ఆయన ఫోన్లో మిల్లు కెమెరాలు ఒక్కటీ కనపడటం లేదట. అదంతా విన్నాక, అతను పోయిన నెలలోనే చనిపోయాడని చెప్పాను. ఆయన "అయ్యో, బంగారమసొంటి మనిషి" అన్నాడు.

బంగారం అనగానే నాకు ఒళ్లు మండింది. అసలు మొదటి మాట దగ్గరే ఆపి సరిచేయాల్సింది. అతను మా మనిషి కాదు. మా మనిషి అని నేను అనుకున్నాను, అంతే. కానీ పోయినవాడి మీద పొద్దున్నే ఫోన్లో ఏం చెబుతాం? రేపు నేనే వచ్చి చూస్తానని పెట్టేశాను.

వరంగల్ చౌరస్తా దగ్గర నాకు ఒక దుకాణం ఉంది. కెమెరాలు, అవి తీసిన బొమ్మను దాచే రికార్డర్లు, ఇంటర్నెట్ సామాన్లు అమ్ముతాను. అమ్మడం నా పని, బిగించడం అతని పని. జీతగాడు కాదు, వాటాదారుడూ కాదు. పని ఉంటే పిలిచేవాణ్ణి, పని లేకపోయినా వచ్చి కూచునేవాడు. ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల వాళ్లిల్లు. అక్కడి నుంచి పాత బండి మీద, నిచ్చెనలోకి ఒక చెయ్యి దూర్చి భుజానికి తగిలించుకుని వచ్చేవాడు. అట్లా బండి నడపడం ప్రమాదమని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. నేనతన్ని అన్నా అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకునే పని ఎప్పుడూ పెట్టుకోలేదు.

అతని పనితనం చూడాలంటే నిచ్చెన ఎక్కకముందే చూడాలి. మిగతావాళ్లు ముందు కెమెరాలను గోడలకు బిగించేసి, దిగివచ్చి, అప్పుడు కంప్యూటర్ ముందు తల పట్టుకుంటారు. ఎందుకంటే పెట్టెలోంచి అప్పుడే తీసిన కెమెరాలన్నిటికీ కంపెనీవాడు ఒకటే అడ్రస్ పెట్టి పంపుతాడు. అడ్రస్ అంటే మరేం లేదు, మధ్యమధ్య చుక్కలతో కొన్ని అంకెలు. ఆ అంకెలను బట్టే రికార్డర్ ఏ కెమెరా ఏదో గుర్తుపడుతుంది. అన్నిటినీ ఒకేసారి తగిలిస్తే అన్నీ ఒకే పిలుపుకు పలుకుతాయి, ఒక్కటీ సరిగా కనపడదు. అతను ఆ తొందర పడేవాడు కాదు. కస్టమర్ ఇంట్లో నేల మీద తువ్వాల పరిచేవాడు. కెమెరాలను దాని మీద వరసగా పెట్టేవాడు. ఒక్కొక్కదాన్నే తీగకు తగిలించి, కంపెనీ ఇచ్చిన అడ్రస్ తీసేసి దాని సొంత అడ్రస్ ఇచ్చేవాడు. "ఇది గేటు. ఇది మెట్లు. ఇది గల్లపెట్టె" అంటూ పక్కకు పెట్టేవాడు. తర్వాత ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి ఆ అంకెలు కొట్టేవాడు. అటునుంచి జవాబు వరసలు పడగానే తల ఊపి "పలికింది" అనేవాడు.

ఆ మాట అతనికి ఊతపదం అయిపోయింది. డబ్బులడిగితే ఫోన్ ఎత్తని కస్టమర్ "పలుకుతలేడు." దవాఖానలో కళ్లు తెరిచిన మేనమామ "జర పలికిండు." భార్య అలిగిన రోజున దుకాణానికి వచ్చి కూలబడి, "ఇంట్ల సిగ్నల్ మంచిగనే ఉన్నదన్నా, మనిషే పలుకుతలేదు" అనేవాడు.

అతను క్రైస్తవుడు. కెమెరాలకు అడ్రస్‌లు ఇచ్చే ఆ తతంగం నడుస్తుంటే, పాస్టర్‌ను పిలిచినట్టు "అయ్యగారూ, బాప్తిస్మం అయిందా?" అని నేను ఏడిపించేవాణ్ణి. "అయింది, ఇగ నిచ్చెన పట్టు" అనేవాడు. ఇదే వర్ధన్నపేట మిల్లులో పని పూర్తయిన రోజు యజమాని రికార్డర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. అతను చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. అంతా అయ్యాక తనూ రికార్డర్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఏవో రెండు మాటలు గొణిగి స్విచ్ వేశాడు. ఇద్దరు దేవుళ్లకు చెప్పినం కాబట్టి ఇక ఖరాబయ్యేదే లేదని మిల్లాయన అందరికీ ప్రసాదం పంచాడు.

అడ్రస్ దానంతటదే వచ్చే పద్ధతి కూడా ఉంది. ఇంటర్నెట్ పెట్టె తనకు తోచిన అంకె తనే ఇస్తుంది, మనం కష్టపడక్కర్లేదు. అతనికి అది గిట్టదు. "ఇయ్యాల ఒకటి, రేపొకటి. గట్ల అడ్రస్‌లు మార్చేటోన్ని ఎవడు నమ్ముతడన్నా?" అని ప్రతి చోటా మారని అడ్రసే పెట్టేవాడు.

ఆగిపోయిన మిషన్‌ను చూస్తే అతనికి ప్రాణం నిలిచేది కాదు. ఒకసారి హన్మకొండలో టీ తాగుతుంటే ఆ కొట్టు కెమెరాకు లైటు వెలగడం లేదు. అది ఎవరు పెట్టారో మాకు తెలియదు, దానితో మాకు పనీ లేదు. అయినా గ్లాసు పక్కన పెట్టి, స్టూలు అడిగి తీసుకుని ఎక్కాడు. వదులైన తీగను సరిచేసి దిగాక చల్లారిన టీ తాగాడు. "కండ్ల ముంగట అది సచ్చిపడి ఉంటే నాకు గొంతు దిగదన్నా" అన్నాడు. ఈ గుణమే తర్వాత అతన్ని పట్టిచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, చివర్లో చేసేది ఒక ఎత్తు. పని అంతా అయ్యాక పాస్‌వర్డ్ పెట్టాలి. కీబోర్డును కస్టమర్ ముందుకు జరిపి, "మీరే కొట్టుండ్రి సార్. నాకు చెప్పకుండ్రి, ఎవలకు చెప్పకుండ్రి" అని లేచేవాడు. వెళ్లి గోడవైపు తిరిగి నిలబడేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పనిష్మెంట్ పడ్డ పిల్లాడిలాగా. కస్టమర్ ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేదాకా ఇటు తిరిగేవాడు కాదు. ఒకచోట ముసలి బట్టల సేటుకు కళ్లద్దాలు దొరకలేదు. "నేను చెప్త, నువ్వే కొట్టు బిడ్డా" అన్నాడు. ఒప్పుకోలేదు. ఇల్లంతా వెతికి, అద్దాలు తెచ్చి చేతికిచ్చి, మళ్లీ పోయి గోడవైపు తిరిగాడు. ఆ వీపును చూసి మనుషులు అతన్ని నమ్మారు. ఇంకెవరినైనా పంపిస్తానంటే వద్దు, ఆయన్నే పంపమనేవారు.

నా దుకాణం రెండు షట్టర్లకు పెరిగినప్పుడు అందులో కెమెరాలు అతనే పెట్టాడు. కౌంటర్ పైన పెట్టింది మాటలు కూడా వినపడే రకం. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి నాకూ కీబోర్డు జరిపి గోడవైపు తిరిగాడు. నాకు నవ్వొచ్చింది.

"నా దగ్గర గూడ ఏందన్నా ఈ యేషాలు?"

"నీ దగ్గరైతేంది? పని పనే."

చెమటకు వీపుకు అతుక్కుపోయిన ఆ నీలం చొక్కా నాకు ఇప్పటికీ కనపడుతుంది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేదు. నా భార్య సరిత అన్నం డబ్బా తెచ్చి, నేను తింటుండగా ఉన్నట్టుండి ఏడ్చింది. రొమ్ములో గడ్డలాంటిది చేతికి తగిలిందట. ఎన్నాళ్ల నుంచో లోపలే పెట్టుకుని కుమిలిపోతోంది. పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. మర్నాడు అతను వచ్చాడు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, దవాఖాన పనేమన్న ఉంటే చెప్పు. ఆడ మా చెల్లె నర్సు. వదినను లైన్ల నిలబెట్టదు."

నేను తెల్లబోయాను. "నీకెట్ల తెల్సింది?"

"నీ ముఖం చూస్తె తెలవదా అన్నా?"

వాళ్ల చెల్లెలు సరిత చెయ్యి వదలకుండా గదిగదికీ తిప్పింది. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఆ సాయంత్రం అతను దుకాణానికి మిర్చీబజ్జీలు పట్టుకొచ్చాడు. చెప్పకుండానే మన మనసు తెలిసే మనిషి ఒకడు ఉండటం ఎంత అదృష్టమో అని సరితతో ఎన్నిసార్లు అన్నానో. అన్న ప్రతిసారీ ఆ కౌంటర్ దగ్గరే అన్నాను.

తర్వాత పనులు పోవడం మొదలైంది. నేను ఏ పనికి ఎంత రేటు రాసి ఇచ్చినా, దానికంటే ఒక పిసరు తక్కువకు నర్సంపేట రోడ్డులో కొత్తగా తెరిచిన దుకాణం ఎగరేసుకుపోయేది. హన్మకొండలో కడుతున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. అది వస్తే దుకాణం గట్టెక్కుతుంది. రేటు ఎంత వేయాలన్నది సరితతో తప్ప ఎవరితోనూ అనలేదు. అదీ పోయింది. అతని దగ్గరే కూచుని మొత్తుకున్నాను. టీ ఊదుకుంటూ అంతా విన్నాడు. చివరికి తల ఎత్తకుండా, "దుకాణంల జర మెల్లగ మాట్లాడు అన్నా" అన్నాడు. నా మేలు కోరి అన్నాడనుకున్నాను.

ఇంటర్నెట్ ఖర్చు తగ్గించుకుందామని దుకాణానికి వేరే కంపెనీ పెట్టించాను. కొత్త పెట్టె అంకెల వరస వేరు. రికార్డర్‌కు అతను పెట్టిన మారని అడ్రస్ ఆ వరసలో కుదరదు. అందుకని రికార్డర్‌కు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. ఇది తెలిసిన సంగతే. టీ తాగాక అతనికి ఫోన్ చేసి పిలుద్దామనుకున్నాను. పెట్టె బిగించినవాడు ఇంకా తన సామాన్లు సర్దుకోనేలేదు, నా ఫోన్ మోగింది. అతనే.

"ఏమైందన్నా, దుకాణం పలుకుతలేదు?"

"ఇంటర్నెట్ మార్చిన. నువ్వు వచ్చి అడ్రస్ మార్చాలె."

"వస్తాన. ఫికర్ చెయ్యకు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాక తట్టింది. నా దుకాణం పలకడం లేదని ఇతనికి ఎవరు చెప్పారు? రికార్డర్ ఆగిపోతే, దాన్ని ఫోన్లో పెట్టుకున్నవాళ్లకే కబురు పోతుంది. పెట్టుకున్నది నేనూ సరితా. పాస్‌వర్డ్ తెలిసింది మా ఇద్దరికే. మూడో మనిషి ఆ రోజు గోడవైపు తిరిగి ఉన్నాడు.

కబురు వచ్చినా గమ్మున ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఉండలేకపోయాడు. మిషన్ ఆగిందంటే అతనికి గొంతు దిగదు కదా.

వచ్చాడు. తువ్వాల పరిచాడు. రికార్డర్‌కు కొత్త వరసలో అడ్రస్ ఇచ్చాడు, నల్ల తెరలో కొట్టాడు, "పలికింది" అన్నాడు. కీబోర్డు నా ముందుకు జరిపి, లేచి వెళ్లి గోడవైపు తిరిగాడు. నేను పాస్‌వర్డ్ కొట్టి, రికార్డర్‌లోకి ఎవరెవరు రావచ్చో చూపించే పేజీ తెరిచాను. పైన నా పేరు ఉంది. దాని కింద 'టెస్ట్' అని ఇంకొకటి ఉంది. బిగించేటప్పుడు పరీక్ష కోసం అట్లాంటిది ఒకటి పెట్టి, తీసేయడం మరిచిపోవడం మా పనిలో మామూలే. ఆ ఒక్క మాట చెబితే నమ్మేవాణ్ణి. నమ్మాలని లోపల కొట్టుకున్నాను కూడా.

"అన్నా, ఈ టెస్ట్ ఎవలది?"

అతను తిరగలేదు. "నాదే."

"ఎప్పటి సంది?"

"మొదటి రోజు సంది."

"ఎందుకు?"

బయట ఆటోల హారన్లు మోగుతున్నాయి. అవి కాస్త సద్దుమణిగాక అన్నాడు. "నేను లేనప్పుడు నువ్వు నా గురించి ఏమంటవో ఇందామని."

"ఏమన్న ఇన్నవా?"

"లేదు. నువ్వు ఒక్కనాడు ఒక్క మాట అనలె."

"మరి ఇనుడు ఎందుకు బంద్ చెయ్యలె?"

వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఆసుపత్రి పని సంగతి అడిగాను. నర్సంపేట రోడ్డులో దుకాణం తన బామ్మర్దిదని, ఒక్క పనికే రేటు చెబుదామనుకున్నానని, తర్వాత ఆగలేదని గోడకే చెప్పాడు. ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"సరిత సంగతి?"

"అది గూడ గట్లనే తెల్సింది."

పొమ్మన్నాను. నిచ్చెన భుజాన వేసుకుని, తువ్వాల మరిచిపోయి వెళ్లిపోయాడు.

పనులు పోతే పోయాయి. రెండో షట్టరు వదిలేసుకున్నాను, ఒక్కదాంతో నెట్టుకొస్తున్నాను. వ్యాపారంలో దెబ్బలు తగులుతాయి, తట్టుకోవచ్చు. కానీ నా భార్య నాతో ఒంటరిగా ఏడ్చిన ఏడుపు అతను ఎక్కడో కూచుని విన్నాడు. విని, మర్నాడు వచ్చి, నీ ముఖం చూస్తే తెలియదా అన్నాడు. నా ముఖం చూసే మనిషి ఒకడున్నాడని నేను మురిసిపోయాను.

అందరికీ చెప్పమంది సరిత. ఎట్లా చెప్పను? కెమెరాలు అమ్మేవాడి దుకాణంలోనే కెమెరా పెట్టి విన్నారంటే, నా దగ్గర కెమెరా ఎవడు కొంటాడు? అతని గుట్టు నా గుట్టు అయిపోయింది. రోడ్డు మీద ఎదురైతే బండి నెమ్మది చేసేవాడు. నేను దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయేవాణ్ణి. ఆ తర్వాత మా పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో, దండ, గుండెపోటు అన్న మాట కనపడ్డాయి. అతన్ని మట్టి చేసేటప్పుడు నేను పోలేదు. సరిత పోయింది. "వాళ్ల చెల్లె నా చెయ్యి పట్టుకున్నది అబద్ధం కాదు గద" అని చీర మార్చుకుని వెళ్లింది.

ఇక ఇప్పుడు వర్ధన్నపేట. నిజం చెప్పాలంటే ఆ మిల్లుకు నేను కెమెరాలు బాగుచేయడానికి పోలేదు. అతను అక్కడా 'టెస్ట్' అని పెట్టుకునే ఉంటాడు. అది తెరిచి చూపించి, "ఇగో, మీ బంగారం" అనాలని పోయాను. దారంతా ఆ మాటనే నోట్లో తిప్పుకున్నాను. ఇప్పుడైతే చెప్పొచ్చు. విన్నది నా ఒక్కడి దుకాణమే కాదు కదా, అందరివీ.

రికార్డర్ మీద పసుపు ఇంకా అతుక్కునే ఉంది. అడ్రస్ మార్చాను. మిల్లాయన పాస్‌వర్డ్ తనే కొట్టుకున్నాడు. నేను ఆ పేజీ తెరిచాను. ఒకటే పేరు, ఆయనది. కిందికి జరిపి చూశాను. ఏమీ లేదు.

మరో చోట చూద్దామనుకున్నాను. అతను లేడని తెలిశాక కస్టమర్లందరూ నాకే ఫోన్ చేస్తున్నారు. బట్టల సేటు ఇంట్లో చూశాను. ఫంక్షన్ హాల్లో చూశాను. పోయిన ప్రతి చోటా పని తర్వాత, ముందు ఆ పేజీ. ఎక్కడా టెస్ట్ లేదు. ఎవరి రికార్డర్‌లోకీ అతను దొంగదారి పెట్టుకోలేదు. అందరి దగ్గరా నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అందరికీ చేసిన మోసమైతే అదొక జబ్బు, పోనీలే అని సరిపెట్టుకునేవాణ్ణి. నా ఒక్కడికే చేశాడు.

చివరికి ములుగులో చర్చి సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టల్. గేటు దగ్గర కొత్త కెమెరా ఒకటి పెట్టాలి. అతను మరిచిపోయిన తువ్వాలే నేల మీద పరిచి, దానికి అడ్రస్ ఇచ్చాను. నల్ల తెరలో కొట్టగానే జవాబు వచ్చింది. "పలికింది" అన్నాను. నోటికి వేరే మాట రాలేదు. అలవాటుగా ఆ పేజీ తెరిచాను, అక్కడా ఒకటే పేరు.

పాత పాస్‌వర్డ్ పిల్లలకు తెలిసిపోయిందట, మార్చుకుంటానంది పెద్ద సిస్టర్. కీబోర్డు ఆమె ముందుకు జరిపాను. ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపే లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల ఒక్కో అక్షరం నెమ్మదిగా పడుతోంది.

"ఆయన గూడ గిట్లనే నిలబడేటోడు" అంది సిస్టర్. "మీకు ఆయనే నేర్పిండా?"

"అవును సిస్టర్."

"పాపం. గసొంటి నమ్మకమైన మనిషి మల్ల దొరుకుతడా?"

గోడకు కొత్తగా సున్నం వేసినట్టున్నారు. చూడటానికి దాని మీద ఏమీ లేదు. నా ముఖం ఆమెకు కనపడదు, అదొక్కటే మేలు.

"దొరకడు సిస్టర్" అని గోడకు చెప్పాను.